సాంచెలు ఆగినప్పుడు

కనేరిలో కరెంటుతో బట్ట నేసే సాంచెల కార్ఖానా వెనుక గోడకు ఆనించి కట్టిన రేకుల దొడ్డిలో మూడు ఆడపంది పిల్లలు ఎదిగి ఉన్నాయి. ఒకదాన్ని పిల్లల కోసం ఈతకు ఉంచుకుని, మిగతా రెండింటినీ మాంసం వ్యాపారి నిలేష్ టెంపో ఎక్కించాలి. ఏది ఉండాలో సాంచె నడిపే కనుకయ్య తేల్చాలి.

చూపుకైతే నల్లమచ్చలదే మేలు. చన్నులు అటేడు, ఇటేడు. ఒక్కటీ లోపలికి ముడుచుకోలేదు. కాళ్లు గట్టివి. కానీ దాని తల్లి పోయిన ఎండాకాలం, కరెంటు పోయి సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగినప్పుడు, అప్పుడే ఈనిన పిల్లల్ని కరిచి చంపింది. కనుకయ్య పక్కనే కూర్చుని ఉన్నాడు. చప్పుడులో పుట్టి పెరిగిన జంతువుకు నిశ్శబ్దం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. సాంచె నడిపేవాడికి ఆ నిశ్శబ్దం ఎవరి చెయ్యో సాంచెలో ఇరుక్కుందన్న కబురులా ఉంటుంది.

చప్పుడులో పందులన్నీ నెమ్మదిగానే కనిపిస్తాయి. అందుకే కరెంటు కోత దాకా ఆగమని నిలేష్‌ను బతిమాలాడు.

"పెండ్లికి పోరిని చూసుడు గూడ ఇంతసేపు ఉండదు కాకా," అన్నాడు నిలేష్.

కనుకయ్య దొడ్డిలోకి దిగాడు. కాసేపటికి కరెంటు పోయింది.

నల్లమచ్చలది తలెత్తి అతని వైపే చూసింది. అతని వీపు గోడకు అంటుకుపోయింది. ఊపిరి పైపైనే ఆడుతోంది. అది పళ్లు పటపట కొరికింది. తక్కినవి మూలకు ఒరుసుకుంటూ అరిచాయి. ఇదీ తల్లి లాంటిదే అనుకున్నాడు. దాన్ని దాటి తలుపు దాకా వెళ్లలేకపోయాడు.

"నువ్వు బయటికి రా," అంది భార్య చంద్రవ్వ, తలుపు తీసి. "అది నిన్ను జూసి బెదురుతున్నది."

"సప్పుడు లేక బెదురుతున్నది."

ఆమె లోపలికొచ్చి అతన్ని బయటికి నెట్టింది. గొంతుకూర్చుని నల్లమచ్చలదాని పొట్ట గోకింది. సాంచెలు ఇంకా మొదలు కాలేదు. కొంతసేపటికి అది పక్కకు ఒరిగి కాళ్లు చాపింది.

కనుకయ్య రేకుల సందులోంచి చూస్తున్నాడు. ఆ తల్లి ఎవరిని చూసి బెదిరిందో ఇప్పుడు అడగడానికి అది లేదు.

"దీన్ని ఉంచుదాం," అన్నాడు చివరికి. తక్కిన రెండింటినీ నిలేష్‌కు చూపించాడు.

చంద్రవ్వ లేచి కొంగు దులుపుకుంది. "ఇది ఈనేనాడు నువ్వు కార్ఖానల ఉండాలె. ఇటు రావద్దు."

"ఆడ ఉన్నప్పుడు కరెంటు పోతే?"

"పోతే నువ్వొక్కనివే బెదురుతవ్."

ఆమె బయటికి రాగానే అతను దొడ్డి తలుపు గడియ బయటి నుంచి వేశాడు.