ఒక్కడి బస్సు

రేపటి నుంచి మా బస్సు బోధన్ దాకే నడుస్తుందని నిజామాబాద్ బస్టాండు గోడకు కాగితం అంటించారు. చదివాను, చింపాను, ఆ ముక్కలు పట్టుకుని రవాణా సంస్థ ఆఫీసు మెట్లెక్కాను. వెనక మా ఆయన నాగేందర్ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు.

"సుకన్యా, సర్కారు కాయితం చింపితే కేసైతదే."

"కానియ్యి. జైల్ల ఏస్తే దవాఖానకు వాళ్లే తోల్కపోతరు" అన్నాను. నా నోరు అంతే. పుట్టింట్లో కూడా ఈ నోటికే తన్నులు తిన్నాను.

మాది బోధన్ దాటాక, వర్ని అవతల, కాలువ పక్క ఊరు. మా ఆయనకు కిడ్నీలు రెండూ పోయాయి. వారంలో మూడు రోజులు నిజామాబాద్ పెద్ద దవాఖానలో మిషన్ మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి. వంతు పొద్దున్నే. ఊళ్లోంచి ఆటోలు నలుగురు ఎక్కి ఎండెక్కితే గాని కదలవు. అప్పటికి మా వంతు దాటిపోతుంది. ఒకసారి తప్పితే కాళ్లు ఉబ్బి, ఊపిరాడక, పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంటాడు. వరసగా తప్పితే ఏమవుతుందో డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. పొద్దున వచ్చే ఆ ఒక్క బస్సు లేకపోతే మా ఆయన బతకడు. జాలి కోసం చెప్పే మాట కాదిది.

ఆఫీసరు పేరు రాజశేఖర్. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అప్పుడే మిషన్ మీంచి లేచి వచ్చిన మా ఆయన చేతికున్న పట్టీ చూసి కుర్చీ వేయించాడు. రికార్డు రూమ్ నుంచి మా రూటు ఫైలు తెప్పించి బల్ల మీద విప్పాడు. అంచులు ఎలుకలు కొట్టేసిన పాత కట్ట అది. దుమ్ముకు నాకు తుమ్ములొచ్చాయి.

"సూడు అమ్మా. మీ బస్సు పుట్టిందే చక్కెర ఫ్యాక్టరీ షిఫ్టు కోసం. గానుగ సీజన్ల అదనపు బస్సు గుడ ఏసిండ్రు. టాపు మీద గూసోని పోతున్నరు, ఆపుండ్రి అని అప్పటి సార్లు రాసిన్రు."

మా మామ కూడా ఆ టాపు మీద కూర్చుని పోయినవాడే. చెరుకు వాసనతో ఇల్లు చేరేవాడట. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఫైల్లో కాగితాలు పలచబడ్డాయి. ఆఖరున కంప్యూటర్ కాగితాలు. బోధన్ నుంచి మా ఊరి దాకా ఎంతమంది ఎక్కారన్నది అందులో ఉంటుంది. సారు ఆ కాగితం నావైపు తిప్పాడు. కొన్ని రోజులు సున్నా. కొన్ని రోజులు ఒకటి. అంతకు మించి ఏ రోజూ లేదు.

"ఒక్క మనిషి కోసం బస్సు నడుపుతున్నం. ఆ మనిషెవరో నాకు గుడ తెల్వదు" అన్నాడు.

ఆ మనిషి ఆయన ఎదురుగానే కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. బస్సు ఖాళీయా! మా బస్సులో నిలబడడానికి చోటుండదు. కానీ మగవాళ్లంతా మోటారు సైకిళ్ల మీద పోతారు. ఎక్కేదంతా మేమే, బోధన్ బీడీ కార్ఖానాకు చుట్టిన బీడీలు అప్పగించి ఆకూ తంబాకూ తెచ్చుకునే ఆడవాళ్లం. ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ ఇవ్వాలి. మా చేతులు ఎప్పుడూ తంబాకుతో ఉంటాయి. కార్డు పాడవుతుందని ఇంట్లో పెట్టెలో పెట్టి వస్తాం. మా కండక్టరు కాశన్న మొదట్లో అడిగాడు. తర్వాత, "రోజూ సూసే మొకాలకు కార్డెందుకే, కూసోండ్రి" అని మెషిన్ జేబులో పెట్టేశాడు. చెరుకు తోవలోకి తనిఖీ వాళ్లు ఎన్నడూ రారు. సున్నా టికెట్టే కదా, ఇస్తే ఎంత, ఇవ్వకపోతే ఎంత అని మేమూ అనుకున్నాం. ఇందరం ఇన్నాళ్లు ఎక్కి దిగాం. రికార్డులో ఒక్కరమూ లేము. డబ్బులిచ్చి టికెట్ కొన్న మా ఆయన ఒక్కడే ఉన్నాడు.

ఈ సంగతి సారుకు చెప్తే కాశన్న ఉద్యోగానికి ముప్పు. టికెట్ లేకుండా మనుషులను ఎక్కించిన కండక్టరును సంస్థ ఉంచుకోదు. రిటైర్మెంట్ దగ్గర పడ్డ మనిషి. మా ఆయన చెయ్యి పట్టుకుని బస్సెక్కించే మనిషి. నా నోటికి మొదటిసారి తాళం పడింది. మా ఆయన వైపు చూశాను. ఎగశ్వాస తీస్తున్నాడు.

చెప్పేశాను. అంతా చెప్పేశాను.

సారు ఆ లెక్కల కాగితం మళ్లీ మొదటి నుంచి చూశాడు. తర్వాత మనిషిని పంపి బస్టాండు నుంచి కాశన్నను పిలిపించాడు. కాశన్న చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. మమ్మల్ని చూసి నవ్వబోయి, బల్ల మీద ఫైలు చూసి ఆగిపోయాడు.

"కాశయ్యా, ఈమె చెప్పేది నిజమేనా? నీ బస్సు నిండ ఆడోళ్లు వస్తరట. టికెట్ కొడ్తలేవట."

కాశన్న నా మొహం చూశాడు. మా ఆయన మొహం చూడలేకపోయాడు.

"లేదు సార్. నా బస్ల నాగేందర్ ఒక్కడే వస్తడు. ఆమె... ఆమెకు పరేషాన్ల ఏం మాట్లాడుతుందో తెలుస్తలేదు."

అరిచాను. నీ నోట్ల మన్నువడ అన్నాను. బల్ల మీద గుద్దాను. మా బస్ల వచ్చే భీమవ్వను తెస్త, రోజాను తెస్త, ఊరు ఊరంత తెస్త అన్నాను. సారు ఫైలు మూసి, "నేను రికార్డు సూసే చెయ్యాలె అమ్మా. నా చేతుల లేదు" అన్నాడు. మా ఆయన నన్ను రెక్క పట్టుకుని బయటికి తెచ్చాడు. రక్తం కడిగించుకుని వచ్చిన మనిషి నన్ను మోసుకొచ్చినట్టు తెచ్చాడు.

తిరుగు బస్సు కాశన్నదే. ఇంకో బస్సుంటే ఎక్కేదాన్ని కాదు. బోధన్‌లో ఆడవాళ్లంతా ఆకు కట్టలతో తోసుకుంటూ ఎక్కారు. మా ఆయనకు కిటికీ పక్క సీటు వదిలారు. రేపట్నుంచి బస్సు లేదని తెలిసి రోజా ఏడుపు మొదలుపెట్టింది. భీమవ్వ ఆఫీసరు ముత్తాతల దాకా తిట్టింది. కాశన్న ఆఫీసులో ఏమన్నాడో చెప్పడానికి నేను నోరు తెరిచాను. మా ఆయన నా మోకాలు నొక్కాడు.

"ఊకో. ఆయనకు గుడ ఇల్లున్నది."

కాశన్న మా దగ్గరికి వచ్చాడు. మా ఆయన ఎప్పటిలాగే నోటు తీసి ఇచ్చాడు.

"తీస్కో అన్నా. గిన్ని దినాలు చెయ్యి పట్టి ఎక్కించినవ్. తోడబుట్టినోళ్లు గుడ గంత చెయ్యలె."

అందులో ఎత్తిపొడుపు లేదు. మా ఆయనకు ఎత్తిపొడవడం రాదు, ఇంట్లో ఆ పని నాది. కాశన్న టికెట్ ఇచ్చాడు. ఇచ్చి కదలలేదు. బస్సు గుంతల్లో ఊగుతోంది, ఆయన సీటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"సెల్లె" అన్నాడు నాతో, ఎవరికీ వినపడకుండా. "భయమైంది. సార్ ముంగట భయమైంది."

ఆయన జేబులోంచి మెషిన్ తీశాడు.

"కొట్టాల్నా? కొడితే అందరికి కొడ్త."

ఏమడుగుతున్నాడో నాకు తెలుసు. ఆ మెషిన్‌లో కొట్టిందంతా ఆఫీసుకు చేరుతుంది. మధ్యాహ్నం ఒక్కడే వస్తాడని చెప్పిన మనిషి, సాయంత్రం బస్సెడు మందికి టికెట్లు కొడితే ఇక ఆయన్ను ఎవరు కాపాడతారు? పైగా ఇది చూసి బస్సు ఉంచుతారన్న నమ్మకం కూడా లేదు. ఒక్క రోజు టికెట్లకు ఏమవుతుంది అనేస్తారేమో. ఆయన ఉద్యోగమూ పోయి, మా బస్సూ పోవచ్చు. వద్దన్నా, నీ ఇల్లు నువ్వు కాపాడుకో అనాలి. మనిషన్నవాళ్లెవరైనా ఆ మాటే అంటారు.

మా ఆయన కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

నేను చెయ్యి చాపాను.

"కొట్టన్నా. నాతోనే మొదలువెట్టు."

కాశన్న తలూపాడు. టికెట్ చింపి నా చేతిలో పెట్టి, భీమవ్వ వైపు తిరిగాడు. "గిప్పుడు టికెటేందిరా కాశయ్యా, మా మొకాలు మర్సినవా?" అని ఆమె నవ్వింది. ఆడవాళ్లంతా నవ్వారు. ఆయన ఒక్కొక్కరికీ కొట్టుకుంటూ వెనక సీట్ల దాకా పోయాడు, నేను వద్దనలేదు.