పొంగని చేతులు

గంటకోసారి కుండ చుట్టూ తడిగుడ్డ మార్చడం ఆండాలు పని. కుండలో ఇసుక, ఇసుకలో సన్నటి గాజు గొట్టాలు, వాటిలో మశూచి టీకా మందు. టీకాలేసే ఉద్యోగం మొగుడు వైకుంఠానిది. ఎండాకాలం ఆ మందు చావకుండా కాపాడే చాకిరీ మాత్రం ఆమెది. "వేడి తగిలితే మందు సచ్చిపోతది" అని కొత్తలో ఆయనే చెప్పాడు.

ఆ రోజు ఆమె మాదన్నపేట మార్కెట్ నుంచి వచ్చేసరికి గొట్టాలు పొయ్యి పక్క గూట్లో ఉన్నాయి. తాగే నీళ్లకు కుండ కావలసివచ్చిందట ఆయనకు. ముట్టుకుంటే వేలు చురుక్కుమంది.

"ఇగ ఇవి పనికిరావు."

"నీకేం ఎరుక? గుడ్డ మార్చుడే నీ పని."

అవే తీసుకెళ్లి తాముండే ఛత్రినాక గల్లీలోనే ముప్పై మంది పిల్లలకు వేశాడు.

నాలుగో రోజు నుంచి ఆండాలు కళ్లు ఆ చేతుల మీదే. మందు బతికుంటే గాటు ఎర్రబడి పొంగాలి, పిల్లలు సలుపుకు ఏడవాలి. గల్లీలో ఒక్క ఏడుపు వినబడలేదు. ఎనిమిదో రోజు పిల్లలు తమంతట తామే ఆమె చుట్టూ చేరి చేతులు చాపారు. అన్నీ నున్నగా ఉన్నాయి. "మాకు నొస్తనే లేదు చిన్నమ్మా" అని నవ్వారు. ఒక్కో చేతిలో ఒక్కో చిన్న పీనుగను పూడ్చిపెట్టినట్టు, అది వాళ్లకింకా తెలియనట్టు అనిపించింది ఆండాలుకు.

పద్నాలుగో రోజు పక్కింటి రుక్మాబాయి బిడ్డ కమలకు ఒళ్లంతా పొక్కులు లేచాయి. "టీకా ఏసినా అమ్మవారెట్ల వచ్చింది?" అని ఆ తల్లి అడిగితే వైకుంఠం ఆకాశం వైపు చూపించాడు. ఇంట్లోకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఎవరన్న అడిగితే నువ్వే గుడ్డ మార్చలేదని చెప్త. ఆడదానివి, నిన్నేమంటరు?"

కూరలో ఉప్పెక్కితే తప్పు తనది, కడుపు పండకపోతే తనది, అత్తకు దగ్గొస్తే తనది. పన్నెండేళ్లుగా అన్నీ మోసింది. ఇప్పుడు ఈ పిల్లలకు చావొస్తే అదీ తనదేనా? అయినా ఇన్ని రోజులు చూస్తూ నోరెందుకు మూసుకుంది?

మొదట రుక్మాబాయి తలుపే కొట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

రుక్మాబాయి గడప దాటి ఎదురొచ్చింది. "ముందే ఎందుకు చెప్పలే, ఆండాలూ?"

ఆండాలు తలొంచుకుని రెండో తలుపు కొట్టింది, మూడోది కొట్టింది. "మీ పిల్లల చేతులకు పడ్డది సచ్చిన మందు వదినా. దవాఖానకు పోదాం, మళ్ల ఏపిద్దాం." వెనక వైకుంఠం "ఇంట్లకు రా!" అని అరుస్తూనే ఉన్నాడు.

దవాఖానలో గుమాస్తా, కమల కాక మిగిలిన ఇరవైతొమ్మిది మంది పిల్లల్ని, తల్లుల్ని చూసి కలం ఆపాడు. "వీళ్లను తెచ్చిన మగమనిషి ఎవరు?"

"మగమనిషి లేడు. ఆండాలు అని రాయి."