కోర్టు లేచేదాకా

"పర్వతాలూ... పర్వతాలూ... పర్వతాలూ!"

గుమ్మంలో నిలబడి పేరును మూడుసార్లు పిలవడం జీవరాజుకి ముప్పై ఏళ్ల అలవాటు. సికింద్రాబాద్‌లో ఒక మేజిస్ట్రేటు కోర్టులో అటెండరు ఆయన. గొంతెత్తాడంటే మెట్ల కింది చాయ్ బండి దాకా వినపడాల్సిందే. పిలిచాక ఆ మనిషెవరో, వాడి గొడవేమిటో ఆయనకి పట్టదు. పట్టించుకుంటే పూట గడుస్తుందా? కానీ ఈ సోమవారం మూడో పిలుపు సగంలోనే గొంతు బొంగురుపోయింది. ఖాకీ చొక్కా గుండీ పెట్టుకుంటూ మెట్లెక్కుతున్నవాడి ఎడమపాదం కాస్త బయటికి తిరిగి ఉంది. ఆ నడక ఆయన ఎరిగినదే.

స్టేషన్ దగ్గర ఆటోస్టాండులో ఇంకో డ్రైవరుతో తోపులాట, అదీ కేసు. పర్వతాలు తప్పు ఒప్పుకున్నాడు. మేజిస్ట్రేటు మేడమ్ కాగితంలోంచి తలెత్తకుండానే జరిమానా వేసి, "కోర్టు లేచేదాకా ఇక్కడే కూర్చోవాలి" అన్నారు. చిన్న నేరానికి చిన్న శిక్ష. సాయంత్రం ఆవిడ కుర్చీలోంచి లేచేదాకా వెనకబెంచీ మీద కూర్చుని ఉండాలి, అంతే. వాడు కదలకుండా చూడాల్సింది అటెండరు.

ఇంకేముంది, జీవరాజుకి కాలు నిలవలేదు. ఒక కేసు ఫైలు అడిగితే ఇంకో కేసుది అందించాడు. నిండుగా ఉన్న కూజాని మళ్లీ నింపబోయి గచ్చంతా తడిపాడు. ప్రతి ఐదు నిమిషాలకూ గోడ గడియారం చూశాడు, ఆ వెంటనే వెనకబెంచీ చూశాడు.

ఇరవై రెండేళ్ల కిందట ఆదివారాలు ఆయన ఫుట్‌బాల్ రిఫరీ. మౌలాలి మైదానంలో లీగ్ ఫైనల్, కుండపోత వాన. ఎవడో వెనకనుంచి ఆయన మెడ మీద గుద్దాడు. తిరిగి చూస్తే ఆరో నంబరు చొక్కా, ముఖం నిండా బురద. ఎర్రకార్డు చూపించి బయటికి పంపాడు. ఆట అయ్యాక జట్టు జాబితాలో వెతికితే ఆరుకు ఎదురుగా పర్వతాలు అని ఉంది. రిపోర్టులో అదే రాశాడు. సీతాఫల్‌మండి జట్టువాళ్లకి ఒక పాడు అలవాటుండేది, చొక్కా బిగుతైతే హాఫ్‌టైములో ఒకరిది ఒకరు వేసుకునేవాళ్లు. గుద్దినవాడు ఓంప్రకాశ్. పర్వతాలు తొమ్మిదో నంబరు వేసుకుని చివరిదాకా ఆడాడు.

కమిటీ ముందుకి వాడు ఎడమపాదం బయటికి తిప్పి నడుస్తూ వచ్చినప్పుడు, కార్డు చూపించింది ఈ నడక మనిషికి కాదని జీవరాజు ఒక్క చూపులో పోల్చుకున్నాడు. ఓంప్రకాశ్ నోరు మెదపలేదు. అప్పటికే పదిమందిలో రిపోర్టు చదివేశారాయె. పరువు అడ్డొచ్చింది. "రాసింది రాసిందే" అన్నాడు జీవరాజు. రెండే మాటలు. పర్వతాలుకి మూడేళ్లు ఆట బంద్. చేతికొచ్చిన రైల్వే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం పోయింది. ఆ తర్వాత సీతాఫల్‌మండి మీదుగా పోవాల్సివస్తే జీవరాజు చుట్టుదారిన పోయేవాడు.

మధ్యాహ్నం, భార్య ప్రేమమణి కట్టిచ్చిన టమాటాపప్పన్నం డబ్బామూతలో సగం పెట్టి బెంచీ దగ్గరికి వెళ్లాడు.

"జెర తిను, పర్వతాలు."

"వద్దు సార్. తినే వచ్చిన."

"కాలు ఎట్లుంది?"

"ఆటో నడ్పనీకి చాలు."

అసలు మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో మేడమ్ గదిలో గంట మోగింది, జీవరాజు పరుగెత్తాడు. తనని తానే తిట్టుకున్నాడు. లోకంలో అందరి పేర్లూ అరిచి పిలుస్తావు, ఒక్కడి చెవిలో ఒక్క మాట చెప్పలేవు, ఛీ, నీదీ ఒక గొంతేనా!

నాలుగైంది. ఇంకో అరగంటలో వాడు వెళ్లిపోతాడు. పాత కేసుల జాబితా కాగితం ఒకటి వెనక్కి తిప్పి, కిటికీ గట్టు మీద పెట్టుకుని గబగబా రాశాడు. "ఆ రోజు నన్ను కొట్టింది పర్వతాలు కాదు. తెలిసే అబద్ధం చెప్పాను. తప్పు నాది." కింద సంతకం, తేదీ. దాన్నీ ఒక గ్లాసు నీళ్లనూ తీసుకెళ్లి బెంచీ మీద పెట్టాడు.

పర్వతాలు వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివాడు.

"నేను కాదని ఆనాడే మీకు ఎరికేనా?"

"ఎరికే." జీవరాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాఫ్ చెయ్యి, పర్వతాలు."

పర్వతాలు కాగితం బెంచీ మీద పెట్టాడు.

"మా అమ్మ శ్యామలమ్మ పోయేదాంక నమ్మలే సార్ నన్ను. 'గంత పెద్దమనిషి అబద్ధం రాస్తడా బిడ్డా' అన్నది."

అంతలో మేడమ్ లేచారు. అందరూ లేచారు, పర్వతాలు కూడా లేచాడు.

"నాది అయిపోయింది సార్. పోతా."

"కాయితం తీస్కపో. ఎవరికన్నా చూపెట్టు..."

"ఎవరికి చూపెట్టాలె? ఆనాడు రాసింది రాసిందే అన్నరు. ఇది సుత రాసిందే గద. మీ తాననే పెట్టుకోండ్రి."

కోపంగా అనలేదు. చొక్కా సర్దుకుని మెట్లు దిగాడు. జీవరాజు గుమ్మం దాకా వెళ్లి మూడుసార్లు పిలిచాడు. చాయ్ బండివాడు తలెత్తి చూశాడు. ఆటో స్టార్టయి గేటు దాటింది.

గది ఖాళీ అయింది. ఫ్యాన్లు ఆపడానికి జీవరాజు లోపలికి వచ్చాడు. వెనకబెంచీ మీద కాగితం అలాగే ఉంది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద పెట్టి ఉంది నీళ్ల గ్లాసు, పోసింది పోసినట్టే.