మెడలో గింజ, చేతిలో గరిటె

ఏమోయ్ అల్లుడూ, ఆ ఫోను కాస్త పక్కన పెట్టు. అలా చూడకు, ఈసారి నీ చెప్పులు దాచలేదు. నిన్నెంత తేలిగ్గా బుట్టలో వేశానో చెబుదామని వచ్చాను.

మా అన్నయ్య కూతురికి ఒళ్లు నొప్పులు మొదలైనప్పుడు నువ్వన్న మాట గుర్తుందా? పని కనపడగానే నొప్పులొస్తాయేం నీకు, అన్నావు. ఎముకలు గట్టిపడతాయని మీ అమ్మగారు పెద్ద గ్లాసుతో పాలు పోసిచ్చారు. తను పనిచేసే బస్సు టిక్కెట్ల కౌంటర్లో ఎంత తాగినా తీరని దాహం, మాటిమాటికీ బాత్రూముకి పరుగు. కుర్చీ కుళాయి పక్కన వేయించమంటావా అని సూపర్‌వైజరు అందరి ముందూ అడిగాడు. కిడ్నీలో రాయి పడితే, నీళ్లు తాగకపోతే ఇంతే మరి అన్నావు నువ్వు. తాగినా తప్పే, తాగకపోయినా తప్పే. కూర మాడితే మతిమరుపు, పడుకుంటే నాటకం. అద్దం వెనక చిల్లర లెక్కపెట్టుకుంటూ, నాది నిజంగా బద్ధకమేనేమో అనుకునేదట పిచ్చి పిల్ల. ఇంటిల్లిపాదీ ఒకే మాట అంటుంటే మనిషి తన ఒంటి మాట వినడం మానేస్తుంది.

రాయి తీసిన డాక్టరమ్మే అనుమానపడి రక్తం పరీక్ష చేయించింది. కాల్షియం బాగా ఎక్కువుంది. పారాథైరాయిడ్ అంది. పరాయివాళ్ల థైరాయిడ్ మా పిల్ల మెడలోకెలా వచ్చింది తల్లీ అన్నాను. ఆవిడ నవ్వి బొమ్మ గీసింది. థైరాయిడ్ వెనక బియ్యపు గింజలంత గ్రంథులు నాలుగుంటాయట. అందులో ఒకటి ద్రాక్షపండంత ఉబ్బి, ఇంకా తే, ఇంకా తే అంటూ ఎముకల్లో ఉన్న కాల్షియమంతా రక్తంలోకి లాగేస్తోందట.

"ఇలాంటిది మా ఇంట్లో ఇంకోటుందండీ, సోఫాలో కూర్చుని ఉంటుంది" అంది మా పిల్ల ఆవిడతో. నువ్వు కిటికీలోంచి బయటికి చూశావు.

అరుదుగా అది కేన్సరు కూడా కావచ్చు, తీసి చూస్తే గాని తెలియదన్నారు. అయినా ఆపరేషన్‌కి తీసుకెళుతుంటే తనకి భయం కంటే నిమ్మళమే ఎక్కువట. బద్ధకం కాదు, గడ్డ. దానికో పేరుంది. మెడ ముడతలో చిన్న గాటు పెట్టి ఆ ఒక్కటే తీశారు. బల్ల మీదుండగానే మళ్లీ రక్తం చూసి, ఆ గ్రంథి వదిలే హార్మోను దిగాకే కుట్లు వేశారు. గొంతు నరం పక్కనే ఉంటుంది కదా, మెలకువ రాగానే ఏదైనా గట్టిగా మాట్లాడమ్మా అన్నారు. "నాకు బద్ధకం లేదు" అంది. వార్డంతా విన్నది. కేన్సరు కాదని తరవాత తేలింది.

నువ్వు వరండాలో నన్నడిగిన మొదటి మాటేంటి? ఇక పనులన్నీ చేసుకోవచ్చా మావయ్యా అని. వారంలో మామూలుగా తిరగొచ్చని డాక్టరు చెప్పింది. నేను మాత్రం, మూడు నెలలు గరిటె పట్టుకోకూడదట, నరం బిగుసుకుంటుందట అన్నాను. నువ్వు నోరు తెరుచుకుని నమ్మావు. అబద్ధానికి బలం కావాలని ఆ మూడు నెలలూ మీ వంటింట్లో గరిటె నేనే పట్టుకున్నాను.

ఇవాళ్టితో ఆ గడువు తీరింది. తనేమో మెట్లు రెండేసి ఎక్కుతోంది. పొద్దున గరిటె తీసుకెళ్లి చేతికిస్తూ, ఆట అయిపోయింది తల్లీ, ఇక నీ వంటిల్లు నువ్వు చూసుకో అన్నాను.

తను గరిటె తీసుకోలేదు. చెప్పులేసుకుంది.

"వారమేనని డాక్టరు నాకూ చెప్పింది బాబాయ్. ఆయన్ని ఆడించావు, బాగానే ఉంది. కానీ నీ వంటిల్లు అన్నావు చూడు, అక్కడ నువ్వూ ఆయన పక్కకే చేరావు. అప్పుడు చెయ్యలేకపోయాను. ఇప్పుడు చెయ్యను."

తలుపు వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.

బుట్టలో పడింది నువ్వొక్కడివే అనుకున్నానోయ్. కాస్త జరుగు, నాకూ చోటివ్వు. ఇదిగో, కూరలు తరిగే ఈ కత్తి నీది.