వకుళ కాఫీలో కలిసినది

బాలాంబ చేతి కాఫీకి ఆ వీధిలో పేరుంది. కాపరానికొచ్చిన మూడేళ్ళలో అత్తగారు కామేశ్వరమ్మ ఆమె కూరలో ఉప్పెక్కువంది, ముగ్గు వంకరంది, నడిస్తే చప్పుడంది. కాఫీని మాత్రం ఏమీ అనలేకపోయింది. తిట్టడానికి వీల్లేని పని ఇంట్లో ఒక్కటైనా ఉన్నందుకు బాలాంబకి పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళేటప్పుడు కాస్త ధైర్యంగా ఉండేది.

ఇంట్లో ఉండేది నలుగురే. మామగారు సోమయాజులు హైస్కూల్లో సైన్సు మాస్టారుగా రిటైరయ్యాడు. భర్త అప్పలనరసింహం నర్సీపట్నం తాలూకాఫీసులో గుమాస్తా. వాళ్ళింట్లో వాడేది విశాఖపట్నం నుంచి వచ్చే వకుళ కాఫీ పొడి. ఆకుపచ్చ రేకు డబ్బా, దాని మీద పూలచెట్టు బొమ్మ. మూత తీస్తే వాసన వీధి గుమ్మం దాకా వచ్చేది. ఊళ్ళో కాఫీ తాగే ఇళ్ళలో సగం పైగా అదే డబ్బా.

డెబ్భై ఏడో సంవత్సరం వేసవిలో ఒక పొద్దున సోమయాజులు ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

కామేశ్వరమ్మ తన గ్లాసు కూడా రుచి చూసి మొహం చిట్లించింది. "ఏవిటే ఇది, కాఫీయా కషాయమా?"

బాలాంబ వంటింట్లోకి వెళ్ళి తనూ తాగి చూసింది. నిజమే. నల్లగా ఉంది, చిక్కగా ఉంది, కానీ కాఫీ కాదు. మాడిన బెల్లం వాసన, నాలిక మీద ఒక జిడ్డు చేదు. డికాషన్ మళ్ళీ తీసింది. అదే రుచి. సాయంత్రం ఫిల్టరుని చింతపండు పెట్టి తోమి, వేణ్ణీళ్ళలో మరగబెట్టింది. మర్నాడు నీళ్ళు మార్చింది. ఆ మర్నాడు పాలు పోసే లోవమ్మ చేత ఎదురుగా గేదె పాలు పితికించి తెచ్చింది. ఏం చేసినా మాడు వాసన పోలేదు.

అత్తగారికి మూడేళ్ళుగా దొరకనిది దొరికింది. పొద్దున లేస్తే అదే మాట. ఫిల్టరు సరిగా తోమవంది. వాడేసిన పొడి ఎండబెట్టి మళ్ళీ వేస్తున్నావంది. ఒళ్ళు దగ్గర పెట్టుకోకపోతే అన్నీ ఇలాగే తగలడతాయంది. బాలాంబ పంటి బిగువున ఓర్చుకుంది.

వారం తిరిగాక ఒక ఉదయం బాలాంబ పాలగిన్నె తీసుకుని వీధిలోకి వస్తుంటే అరుగు మీద అత్తగారి గొంతు వినబడింది. ఎదురుగా లోవమ్మ, పక్కింటి వర్ధనమ్మ.

"దీని తమ్ముడు ఎస్. రాయవరం నుంచి సంచీ పుచ్చుకుని రాలేదూ? వచ్చినప్పుడు ఖాళీ సంచీ. వెళ్ళేటప్పుడు మోయలేక మోసుకెళ్ళాడు. మంచి పొడి పుట్టింటికి చేరింది. మనకేమో చింతగింజలు వేయించి దంచిన పొడి!"

"ఓలమ్మ! అలాగేటమ్మా!" అని లోవమ్మ నోటి మీద చెయ్యేసుకుంది.

ఆ సంచీలో వెళ్ళినవి నరసింహం చదివేసిన పాత పుస్తకాలు. ఇచ్చింది నరసింహమే. బాలాంబ గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆమెని చూసి వర్ధనమ్మ తల తిప్పుకుంది. కామేశ్వరమ్మ తిప్పుకోలేదు.

ఆ సాయంత్రం భర్త ఆఫీసు నుంచి రాగానే చెప్పింది.

"అమ్మ నోటి సంగతి నీకు తెలియనిదా? పట్టించుకోకు," అన్నాడతను చొక్కా విప్పుతూ.

"ఉప్పెక్కువంటే పట్టించుకోలేదు. నన్ను దొంగంటోంది. మా తమ్ముణ్ణి దొంగంటోంది. మీకు చీమ కుట్టినట్టయినా లేదూ?"

అతను చొక్కా కొక్కేనికి తగిలించి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు కామేశ్వరమ్మ తనే వెళ్ళి కొత్త డబ్బా కొనుక్కొచ్చింది. దాన్ని తన ట్రంకు పెట్టెలో పెట్టి, తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది. "ఇక నేనే కలుపుతాను. ఎలా పాడవుతుందో చూస్తాను," అంది. చెప్పినట్టే మర్నాటి పొద్దున మడి కట్టుకుని మరీ కాఫీ కలిపింది. సోమయాజులు ఒక గుక్క తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

కామేశ్వరమ్మ మొహం ఎర్రబడింది. కోడలి వైపు తిరిగింది. "ఇందులోనూ చెయ్యి పెట్టావా?"

"తాళం చెవి నీ బొడ్లోనే ఉంది కదమ్మా!" అన్నాడు నరసింహం.

భర్త తన పక్షాన మాట్లాడడం బాలాంబ వినడం అదే మొదటిసారి. కానీ అది కూడా నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వుకి ఆమెకి ఒళ్ళు మండింది.

అన్నం వండి పడేసి, చెప్పులు వేసుకుని, నడుచుకుంటూ బస్టాండు దగ్గరున్న మన్మథరావు కొట్టుకి వెళ్ళింది. వకుళ డబ్బాలు ఊరికంతటికీ తెప్పించేది అతనే. అప్పుడే ఇంటి నుంచి ఫ్లాస్కు వచ్చినట్టుంది, మన్మథరావు గల్లాపెట్టె ముందు కూర్చుని మూతలో కాఫీ పోసుకుంటున్నాడు. ఆ వాసన తగలగానే బాలాంబ మెట్టు మీదే ఆగిపోయింది. మాడు లేదు, బెల్లం లేదు. పది రోజుల కిందటి దాకా తన చేతుల మీదుగా నలుగురికీ వెళ్ళిన కాఫీ అది.

"మీ ఇంట్లో ఏ పొడి వాడతారండీ?"

"ఇంకేటుంటాదమ్మా, వకుళే."

"నాకమ్మిందీ వకుళే. దానికి ఈ వాసన రాదేం?"

మన్మథరావు మూత కింద పెట్టాడు. కొట్లో ఇంకెవరూ లేరని చూసుకున్నాడు. "కంపెనీవోడు మార్సీసినాడమ్మా. కాఫీ గింజల దర మండిపోతందంట. అదేదో సికోరీ అంట, దుంప, అది వేయించి కలిపెత్తన్నాడు. డబ్బా అదే, బొమ్మ అదే. మాకు పాత డబ్బాలు నాలుగుంటే ఇంటికి అట్టీపెట్టుకున్నాం."

"మీకు తెలుసు. తెలిసే మాకమ్మారు."

"సెప్తే ఎవులు కొంటారమ్మా? ఎవులికీ సెప్పొద్దని కంపెనీవోడు మరీమరీ సెప్పినాడు."

బాలాంబ గొంతు పెంచింది. "మీరు మీ ఇంటికి మంచిది దాచుకున్నారు. మా ఇంట్లో నేను దొంగనయ్యాను. ఆ పాత పొడి చారెడు పొట్లం కట్టి ఇవ్వండి."

"అది అమ్మకానికి కాదమ్మా..."

"నేను కొంటానన్లేదు. ఇచ్చేదాకా ఈ మెట్టు దిగను. వచ్చిన ప్రతివాళ్ళకీ ఇప్పుడు మీరన్న మాట చెబుతూ నిలబడతాను."

మన్మథరావు ఆమె మొహం చూసి, తిట్టుకుంటూ లోపలికి వెళ్ళి పొట్లం తెచ్చి బల్ల మీద విసిరాడు.

ఇంటికి రాగానే ఆమె నేరుగా మామగారి కుర్చీ దగ్గరికి వెళ్ళింది. "మావయ్యగారూ, కాఫీ పొడిలో చికోరీ కలిస్తే తెలుసుకునే దారుందా?"

సోమయాజులు పేపరు దించాడు. "ఓ, ఉంది. చన్నీళ్ళ మీద చల్లితే కాఫీ పొడి తేలుతుంది. చికోరీ అయితే ఎర్రటి చారలు గీస్తూ కిందికి దిగిపోతుంది. ఎనిమిదో క్లాసు పిల్లలకి చేసి చూపించేవాణ్ణి."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నన్నెవరూ అడగలేదమ్మా."

మూడేళ్ళుగా గౌరవించిన ఆ మనిషిని బాలాంబ కాసేపు అలాగే చూసింది. వారం పాటు ఈ ఇంట్లో తనని కాల్చుకు తింటుంటే, మంత్రం తెలిసినవాడు పేపరు చాటున కూర్చున్నాడు.

రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టింది. భర్తని పిలిచింది, అత్తగారిని పిలిచింది. ట్రంకు పెట్టెలోని డబ్బా అత్తగారి చేతే తీయించి, ఆవిడ చేతే ఒక గ్లాసులో చెంచాడు చల్లించింది. పొట్లంలో పొడి తను రెండో గ్లాసులో చల్లింది. పాత పొడి నీళ్ళ మీద తెట్టులా నిలిచింది. కొత్త పొడిలో సగం చల్లీ చల్లగానే చారలు కట్టి దిగిపోయింది. నిమిషంలో నీళ్ళు బురద రంగుకి తిరిగాయి.

కామేశ్వరమ్మ డబ్బా తిప్పి తిప్పి చూసింది. అడుగున చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో "కాఫీ, చికోరీల మిశ్రమం" అని ఉంటే నరసింహం చదివి చెప్పాడు.

"వాడి వంశం నాశనం కాను!" అంది కామేశ్వరమ్మ కంపెనీని. కోడలితో ఒక్క మాట అనలేదు.

ఆ ఆదివారం మన్మథరావు కొట్టు ముందు కంపెనీ వ్యాను ఆగింది. నెత్తిన మైకు, పక్కన పూలచెట్టు బొమ్మతో బానరు. టై కట్టుకున్న ఒక మనిషి, దారిన పోయేవాళ్ళకి చిన్న చిన్న గ్లాసుల్లో ఊరికే కాఫీ పోస్తున్నాడు. సంగతి తెలిసి బాలాంబ చెంబుతో నీళ్ళు, గాజు గ్లాసులు, మిగిలిన పొట్లం పట్టుకుని బయల్దేరింది. కామేశ్వరమ్మ కూడా కొంగు బిగించి, ట్రంకు పెట్టెలోని డబ్బా పట్టుకుని వెనకాలే వచ్చింది. దారిలో ఇద్దరూ మాట్లాడుకోలేదు.

"రండమ్మా, రండి. వకుళ కొత్త రుచి! మరింత చిక్కగా, మరింత కమ్మగా! కస్టమర్ల కోరిక మీదే మార్చాం," అన్నాడు టై మనిషి.

"ఏ కస్టమర్లు కోరారు?" అంది బాలాంబ.

"అంటే... అందరూ, మేడమ్."

"ఒక్కరి పేరు చెప్పండి. ఈ ఊళ్ళో ఒక్కరి పేరు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. గ్లాసులు బల్లలా దించిన వ్యాను వెనక తలుపు మీద పెట్టి, నీళ్ళు పోసి, రెండు పొడులూ చెరో గ్లాసులో చల్లింది. చుట్టూ జనం మూగారు. సంతకని గొలుగొండ నుంచి వచ్చిన ఆడవాళ్ళు కూడా తట్టలు దించి చూశారు. ఒక గ్లాసులో నీళ్ళు బురదయ్యాయి.

"చికోరీ ఆరోగ్యానికి మంచిది, మేడమ్. డబ్బా మీద రాశాం కూడా."

"చీమలు చదువుకోవడానికి రాశారా? మంచిదైతే పైన పెద్దక్షరాలతో రాయండి. చెట్టు బొమ్మ తీసేసి దుంప బొమ్మ వెయ్యండి."

జనం గొల్లున నవ్వారు. టై మనిషి మొహం మాడింది. "మీకు నచ్చకపోతే కొనకండి. ఒక్క మీ ఇల్లు కొనకపోతే కంపెనీ మూతపడదు."

అప్పుడు కామేశ్వరమ్మ ముందుకి తోసుకొచ్చింది. చేతిలోని డబ్బా ఎత్తి పొడంతా అతని బూట్ల మీద గుమ్మరించింది. "ఒరే, నీ మూలాన లక్షణమైన నా కోడల్ని దొంగన్నానురా! దాని తమ్ముణ్ణి దొంగన్నాను! నీ దుంప తెగ, నీ దుంప నువ్వే తాగు!"

అది చాలింది. వర్ధనమ్మ కొత్త డబ్బా తెచ్చి మన్మథరావు బల్ల మీద బోర్లించేసింది. ఆమె వెనక ఇంకో నలుగురు. మన్మథరావు అరుస్తున్నాడు, కంపెనీవాణ్ణి అడగండంటున్నాడు. కంపెనీవాడు వ్యాను తలుపేసుకున్నాడు. కాసేపటికి మైకు మోగకుండానే వ్యాను అనకాపల్లి రోడ్డు పట్టింది.

ఇంటికొచ్చాక కామేశ్వరమ్మ పీట మీద కూలబడి విసురుకుంటూ, గెలిచొచ్చినదానిలా అంది. "చూశావా, ఎలా కడిగేశానో! ఇంట్లో చిచ్చు పెట్టాడు వెధవ."

బాలాంబ చెంబు బోర్లించింది. "పొడి మార్చింది కంపెనీవాడు. దొంగ అన్నది మీరు."

"నడిబజార్లో ఒప్పుకున్నాను కదే! ఇంకేం కావాలి నీకు?"

"వాడితో ఒప్పుకున్నారు. నాతో ఒక్క మాట అన్లేదు. వాణ్ణి కొట్టడానికి నేనొక కర్రనయ్యాను, అంతే."

"అత్తగారి చేత కాళ్ళు పట్టించుకుంటావా?"

"కాళ్ళొద్దు. మీ కాఫీ మీరు కలుపుకోండి. నేనిక మీకు కలపను."

అన్నట్టే కలపలేదు. కంపెనీ పాత పొడికి మళ్ళీ తిరగలేదు. ఊరు నెలా రెండు నెలలు తిట్టుకుని కొత్త రుచికే అలవాటు పడింది. మన్మథరావు కొట్లో డబ్బాలు మామూలుగానే అమ్ముడుపోయాయి. బాలాంబ మాత్రం ఆ కొట్టు మెట్టెక్కలేదు. చింతపల్లి కొండల నుంచి కాఫీ గింజలు తెచ్చే అప్పలకొండ దగ్గర కొని, మూకుట్లో వేయించి, రోట్లో దంచి, తన ఫిల్టరులో వేసుకునేది. కామేశ్వరమ్మ పంతానికి ఇంకో ఫిల్టరు కొని, అవే గింజలు వేరే కొనుక్కుని, వేరే వేయించుకునేది. ఒకే పొయ్యి దగ్గర ముందొకరు, వెనకొకరు. సోమయాజులు ఇద్దరి కాఫీలూ తాగేవాడు. ఎవరిది బాగుందో చెప్పే ధైర్యం ఆయనకి లేదు. తాగకుండా ఉండే ధైర్యమూ లేదు. అత్తాకోడళ్ళు ఒకేసారి వంటింట్లో ఉంటే నరసింహం బయటే కాఫీ తాగి వచ్చేవాడు.

కార్తీకంలో ఒక పొద్దున కామేశ్వరమ్మ గింజలు వేయిస్తూ, మూకుడు వైపే చూస్తూ అంది. "నేనన్నది తప్పే."

పక్కన కూరలు తరుగుతున్న బాలాంబ కత్తిపీట మీద చెయ్యాపింది. "ఎవరితో అంటున్నారు?"

కామేశ్వరమ్మ మూకుడు పొయ్యి మీంచి దించింది. కోడలి వైపు మొహం తిప్పింది. పొగకో ఏమో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నీతోనే. నువ్వు దొంగవి కావు. మీ తమ్ముడూ కాడు. ఈసారి వచ్చినప్పుడు వాడితోనూ చెబుతాను."

"సరే," అంది బాలాంబ.

ఇంకేదో అంటుందని అత్తగారు ఎదురుచూసింది. బాలాంబ వంకాయలు తరిగి ఉప్పునీళ్ళలో వేసి, లేచి చేతులు కడుక్కుంది. ఆ రోజు కాఫీ కూడా ఎవరిది వాళ్ళే కలుపుకున్నారు.