ఐదు మీద ముల్లు

అయినా బిగింపు ఎక్కడ ఆపాలో చేతికి ఎలా తెలుస్తుంది, అది నేర్చుకున్నదంతా బోరుబావుల దగ్గరే అయినప్పుడు? సదానందం హార్డ్‌వేర్ షాపులో కౌంటర్ ముందు నిలబడి ఫ్రాన్సిస్ తన కుడి అరచేతిని చూసుకున్నాడు. రఘునాథపల్లి చుట్టుపక్కల చేలల్లో బోరు మోటర్లు దించడం అతని పని. పైపుకు పైపు బిగించేటప్పుడు, చాలనుకున్నాక కూడా ఒంటి బరువంతా వేసి ఇంకో పట్టు పడతాడు. లేకపోతే పైపు ఊడి మోటర్ అడుక్కి పోతుంది, రైతు పంట దానితోపాటే పోతుంది. ఎదుటి మనిషి మీద తనకున్న దయంతా ఆ ఆఖరి పట్టులోనే ఉంటుందని అతనికి అనిపించేది.

శిరీష సైకిల్‌కూ అలాగే ఒక పట్టు ఎక్కువ వేశాడు. హసన్‌పర్తిలో కాలేజీ లెక్చరర్ అయిన అతని భార్య, తోటి లెక్చరర్ దగ్గర ముచ్చటపడి కొనుక్కున్న సైకిల్ అది. హ్యాండిల్ కార్బన్‌ది, తేలికే గానీ ఎక్కువ బిగిస్తే పగులుతుంది. టప్పుమంది. వెంట్రుకంత పగులు. ఆమె కోప్పడలేదు. "ఇగ నా సైకిల్ ముట్టకు" అని నవ్వింది.

కోపమైతే చల్లారుతుంది. నవ్వుతూ పక్కన పెట్టేస్తే మనిషి ఎక్కడికి పోవాలి? కొత్త హ్యాండిల్ వచ్చింది, బిగింపు ఐదు దాటొద్దని దాని మీదే రాసి ఉంది. రేపు పొద్దున ఆమె స్నేహితులతో కలిసి పాలంపేట దాకా తొక్కుతుంది. దాన్ని మెకానిక్ కాకుండా తనే బిగించాలి. అంతే అతని కోరిక.

"ఏందే ఫ్రాన్సిసన్నా, గంతగనం సోంచాయిస్తానవ్? గిది తీస్కపో, సస్తాల వస్తది" అంటూ సదానందం బిగింపు ఎంతో అంకెల్లో చూపే ముంజేయంత టార్క్ రెంచ్ ముందు పెట్టాడు. కారు చక్రాలకు వాడేది. దాని అంకెలు ఇరవై దగ్గర మొదలయ్యాయి.

"నాకు ఐదు కావాలె."

"ఐదా? గది నా బిడ్డ నీళ్ల సీసకు మూత పెట్టినట్టే గదనే!"

"గంతే కావాలె. మా ఇంటామె సైకిల్‌కు."

"వదినె సైకిల్‌కా? అయితే నువ్వు భయపడుడు కరెక్టే."

స్క్రీన్ మీద అంకె చూపే రెంచ్ ధర విని ఫ్రాన్సిస్ దాన్ని మెల్లగా వెనక్కి జరిపాడు. ఇంకొకటి, బిగింపు సరిపోగానే టక్కుమంటుందట. ఆ చప్పుడు చెవికి చేరి, చెవి నుంచి చేతికి చేరేలోపు తన చెయ్యి దాటిపోయి ఉంటుందని అతనికి తెలుసు. చివరికి సదానందం పై అర నుంచి దుమ్ము దులిపి ఒకటి తీశాడు. "గిది పాత మోడల్. ఎవ్వడడుగడు. అన్నిట్ల అగ్గువ."

ఒక ఉక్కు కడ్డీ, దాని పొడవునా సన్నని ముల్లు, సున్నా నుంచి పది దాకా అంకెలు. నొక్కితే ముల్లు జరుగుతుంది, వదిలితే సున్నాకు వస్తుంది. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. కౌంటర్‌కున్న ఇనుప దవడల వైస్‌లో ఒక బోల్టు బిగించి నొక్కి చూశాడు. ఐదు. ఇంతేనా? శిరీషకు తలనొప్పి వచ్చినప్పుడు కణతలు నొక్కేంత బలం. ఇది చేతికి ఎప్పటి నుంచో తెలుసు. సైకిల్ దగ్గర గుర్తు రాలేదు.

సాయంత్రం శిరీష కొత్త హ్యాండిల్ సంచిలో వేసుకుని, వాకిట్లో సైకిల్ పట్టుకుని మెకానిక్ దగ్గరికి బయలుదేరబోతోంది.

"జర ఆగు" అని రెంచ్ చూపించాడు.

"గదేందయ్యా?"

"దీనికి ముల్లుంటది. ఎంత బిగించిన్నో చెప్తది."

"ముల్లును చూస్తవా, నీ కండను చూస్తవా?"

"ముల్లునే."

ఆమె స్టాండ్ వేసి పక్కకు జరిగింది.

పాత హ్యాండిల్ తీసి కొత్తది అమర్చాడు; దాన్ని పట్టి ఉంచే బోల్టులు నాలుగు. మొదటిదానికి రెంచ్ పెట్టాడు. మూడు, నాలుగు, ఐదు. ఆగాడు. ఆగింది చెయ్యి మాత్రమే. భుజం తనంతట తనే ముందుకు వంగడం అతనికి తెలుస్తోంది. రేపు దిగుడు రోడ్డు మీద ఆమె బ్రేక్ వేస్తుంది, ఈ చిన్న బోల్టు పట్టుకుంటుందా? తన బలం లేకుండా లోకంలో ఏదైనా నిలబడుతుందని అతనికి నమ్మకం కుదరడం లేదు.

శిరీష మెకానిక్ మాట ఎత్తలేదు. ఊపిరి బిగబట్టి ముల్లు వైపే చూస్తోంది. ఆమెకూ భయమేనని, అయినా తనను పక్కకు జరగమనలేదని అప్పుడు గమనించాడు.

అతను రెంచ్ బయటికి తీసి పిడి ఆమె వైపు తిప్పాడు.

"కడ్మయి మూడు నువ్వు బిగించు. నేను చక్రం పట్టుకుంట."

నేల మీద కూర్చుని ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య, కదలకుండా, మెత్తగా పట్టుకున్నాడు.