మైనస్ డెబ్బై ఆరు

నేను ఒక తెల్లటి గుండ్రని డబ్బాను. అన్నం తినే పళ్ళెమంత ఉంటాను. జనగామలో బస్టాండు పక్కనున్న ఒక డిగ్రీ కాలేజీ గ్రంథాలయంలో, పైకప్పుకు అతుక్కుని అందరికీ వైఫై పంచడం నా ఉద్యోగం. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో కుదుపులు తిని ఇక్కడికి చేరాను. వచ్చిన ఏడాది దసరాకు అటెండరు కొమురయ్య నిచ్చెనెక్కి నాకు కుంకుమ బొట్టు పెట్టాడు. నెట్ ఆగినప్పుడల్లా నన్ను తిట్టేదీ ఆయనే.

నన్ను అందరూ ఉత్త నోరనుకుంటారు. ఫోనులో గీతలు నిండుగా కనబడితే వైఫై బాగుందంటారు. ఆ గీతలు నేనెంత గట్టిగా పిలుస్తున్నానో చెబుతాయి, అంతే. అవతలి ఫోను మాట నాకు వినబడుతోందా లేదా అన్నది వాటిలో ఉండదు. నాకూ చెవులున్నాయని తెలిసినవాడు నెట్‌వర్కు చూసే ఇంజనీరు సంపత్ ఒక్కడే. మంచివాడు. అందుకే అతని మీద కోపం తెచ్చుకుందామన్నా నాకు రావడం లేదు.

హాలు బయట వరండా చివర, కిటికీ దగ్గర, రోజూ ఒంటిగంటకు యాకమ్మ కూర్చునేది. కాలేజీ ఊడ్చే మనిషి. పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. మహారాష్ట్రలోని భివండిలో ఉండే ఆమె అక్క సారక్క కూడా అంతే. చిన్నప్పుడు వాళ్ళను బడికి పంపినవాళ్ళు లేరు, సైగలు నేర్పినవాళ్ళూ లేరు. ఇద్దరూ కూచుని తమ సైగలు తామే కల్పించుకున్నారు. లోకం మొత్తంలో ఆ భాష తెలిసింది ఆ ఇద్దరికే. లైబ్రేరియన్ అరుంధతి మేడం ఈ సంగతి ఎవరికో చెబుతుంటే విన్నాను. నెట్ రీచార్జి లేని యాకమ్మ పాత ఫోనుకు మా వైఫై పెట్టిచ్చింది ఆ మేడమే.

సైగలు కనబడాలంటే వెలుతురు కావాలి, అందుకే ఆ కిటికీ. వీడియో కాల్‌లో వెళ్ళే బొమ్మలు నా దగ్గరికి తాళం వేసిన పెట్టెల్లా వస్తాయి; మోసేదాన్నే గాని చూసేదాన్ని కాదు. అయితే అద్దాల తలుపులోంచి యాకమ్మ చేతులు కనబడేవి. ఒక్కోసారి నవ్వు ఆపుకోలేక ఫోను ఒళ్ళో పడేసుకునేది. కాల్ ముగించే ముందు మోచేతి మీద రెండుసార్లు తట్టేది. ‘రేపు’ అని. వాళ్ళ భాషలో నేను నేర్చుకున్న మాట అదొక్కటే. ఆ పాత ఫోను గొంతు నాకు చాలా సన్నగా వచ్చేది. అయినా వినేదాన్ని.

ఈ మార్చిలో సారక్క ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టింది. అదే వారంలో మా హాల్లో నాలుగు రోజులు ఆన్‌లైన్ పరీక్షలు పెట్టారు. మొదటిరోజు పొద్దున్నే నెట్ నత్తనడక పట్టింది. బస్టాండులో ప్రతి ఫోను మాటకూ నేను చెవి ఒగ్గి, అది ముగిసేదాకా నోరు మూసుకుని కూర్చుంటున్నానని సంపత్ కనిపెట్టాడు.

“అవతలోళ్ళ ముచ్చట మనకెందుకు?” అంటూ ల్యాప్‌టాప్‌లో నా చెవికి ఒక హద్దు పెట్టాడు. మైనస్ డెబ్బై ఆరు. అంతకన్నా సన్నగా వినబడేదేదైనా ఇక నాకు గాలిహోరు కిందే లెక్క. తర్వాత తన కొత్త ఫోను పట్టుకుని కిటికీ దాకా నడిచి చూశాడు. దాని గొంతు గట్టిది కాబట్టి చక్కగా పనిచేసింది. తృప్తిగా వెళ్ళిపోయాడు.

ఈ లెక్కలో మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ గొంతు సన్నమైనట్టు. యాకమ్మ ఫోను నాకు మైనస్ డెబ్బై తొమ్మిదిలో వినబడుతుంది. మూడంటే మూడు అంకెల తేడా.

ఆ మధ్యాహ్నం ఆ ఫోను నన్ను పిలిచింది. నేను పలకలేదు. ఆమె దాన్ని ఆపి, మళ్ళీ ఆన్ చేసి, కొంగుతో తుడిచి, కిటికీ ఊచల్లోంచి బయటికి చాపి చూసింది. పరీక్ష జరుగుతుంటే హాల్లోకి ఎవరినీ రానివ్వరు. అరుంధతి మేడానికేమో వేరే భవనంలో డ్యూటీ పడింది. రెండోరోజు యాకమ్మ ఫోను తీసుకెళ్ళి కొమురయ్యకు చూపించింది.

“గీతలు నిండుగున్నయ్ గదనే! వైఫై మంచిగనే ఉన్నది. నీ ఫోనే ఖరాబైంది,” అని ఆయన చేతులు తిప్పుతూ చెప్పాడు.

గట్టిగా పిలుస్తున్నదీ నేనే, వినిపించుకోనిదీ నేనే. మూడోరోజు ఆమె అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. నాకు సిగ్గేసింది.

నాలుగోరోజు పరీక్షలయ్యాక మేడం వచ్చింది. యాకమ్మ చెయ్యి పట్టుకుని హాల్లోకి, సరిగ్గా నా కిందికి తీసుకొచ్చింది. అంతే, ఫోనులోకి అన్నీ ఒక్కసారిగా దిగాయి. భివండి నుంచి వచ్చి ఎత్తని కాల్స్ పదిహేను. ఒక వీడియో. దాని కింద, దండ వేసిన సారక్క ఫొటో.

వీడియోలో సారక్క మంచం మీద నుంచి చేతులు ఎత్తలేక ఎత్తి ఏదో చెబుతోంది.

“ఏమంటున్నది యాకమ్మా? మీ అక్క ఏమంటున్నది?” అని మేడం ఏడుస్తూ అడిగింది. యాకమ్మ ఆమె వైపు చూడలేదు. ఆ మాటలు ఇంకొకరికి చెప్పడానికి ఆమె దగ్గర వేరే భాష లేదు.

కబురందగానే సంపత్ వచ్చాడు. విషయమంతా విని నిచ్చెన మొదటి మెట్టు మీద కూలబడ్డాడు. “నా ఫోన్‌తోటి చూసిన మేడం. ఆమె ఫోన్‌తోటి చూడలే,” అన్నాడు. హద్దు తీసేశాడు.

ఇప్పుడు నాకు బస్టాండుతో సహా అన్నీ వినబడుతున్నాయి. ఒంటిగంటకు ఆ పాత ఫోను సన్నగా పిలుస్తుంది, నేను వెంటనే పలుకుతాను. కానీ అది నన్ను ఏమీ అడగదు. వీడియో ఫోనులోనే ఉంది, దానికి నాతో పనిలేదు. కిటికీ వెలుతురులో యాకమ్మ దాన్ని మొదటినుంచీ చూస్తుంది. అక్క చేతులు ఆగిపోయాక తన చేతులతో జవాబు చెబుతుంది, చాలాసేపు. ఆ చెప్పేదేమిటో నాకు తెలియదు. చివర్లో మాత్రం మోచేతి మీద రెండుసార్లు తడుతుంది.